పచ్చ పరదా ఇల్లు

పోయిన వారం మనం గౌరిని ప్రిన్సిపాలుగారి గదిలో, కుర్చీ అంచున కూర్చోబెట్టి వచ్చేశాం. ధౌలా కువాన్ దాటాక వచ్చే ఆ పెద్ద స్కూల్లో ఆరో క్లాసు సీటు కోసం ఢిల్లీలో సగం మంది తండ్రులు పై అధికారుల ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నారనీ, గౌరి తండ్రి రాధాకృష్ణమూర్తి కూడా వాళ్ళలో ఒకడేననీ పాఠకులకి గుర్తుండే ఉంటుంది. ప్రిన్సిపాలుగారు హిందీలో అడిగిన ప్రతి ప్రశ్నకీ ఆ పదకొండేళ్ళ పిల్ల చక్కటి తెలుగులో జవాబు చెప్పింది. పేరు చెప్పింది. తండ్రి ఉద్యోగం చెప్పింది. ఎండాకాలం తర్వాత ఏ కాలం వస్తుందో కూడా చెప్పింది. ప్రిన్సిపాలుగారికి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "గురువారం మళ్ళీ తీసుకురండి. అప్పుడూ ఇంతే అయితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాను" అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేసింది.

ఇవాళ బుధవారం.

రాధాకృష్ణమూర్తి మోతీబాగ్ క్వార్టర్స్‌లోని తన మొదటి అంతస్తు బాల్కనీలో అద్దం తగిలించుకుని, ఒక బుగ్గ గీసుకుని రెండో బుగ్గ మీద సబ్బు నురగతో ఉన్నాడు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. ఒక పని చేస్తూ ఇంకో పని చెయ్యకపోతే దేశం ఆగిపోతుందని ఆయన నమ్మకం.

"గౌరీ, ఇలా రా. నేనే ప్రిన్సిపాల్ననుకో. తుమ్హారా నామ్ క్యా హై?"

"గౌరి, నాన్నగారూ."

"హిందీలో చెప్పు."

"గౌరి."

"హిందీలో అయినా గౌరే కదండీ," అంది వంటింట్లోంచి గౌరి తల్లి పూర్ణ.

పూర్ణ అసలు పేరు అన్నపూర్ణేశ్వరి. డిగ్రీలో చరిత్ర చదువుకుంది. పెళ్ళయ్యాక అందులో పనికొచ్చినవి యుద్ధాల పాఠాలేనని అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటుంది.

"నువ్వు మధ్యలో రాకు. అచ్ఛా గౌరీ, ఇది చెప్పు. తుమ్హారా ఘర్ కహా హై? మీ ఇల్లెక్కడ? పసిపిల్లలు కూడా చెప్తారు. ఊఁ?"

గౌరి పెదాలు తెల్లబడ్డాయి. తండ్రి మొహం వంక కాకుండా ఆయన చేతిలో రేజరు వంక చూసింది. మరుక్షణం బాత్రూములోకి పరిగెత్తింది. పొద్దున తాగిన పాలన్నీ కక్కుకున్న చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

"అదిగో, మళ్ళీ మొదలు," అంది మూడో మనిషి జానకీదేవి, జపమాల తిప్పడం ఆపకుండా. ఆవిడ రాధాకృష్ణమూర్తి తల్లి. దసరాకి రెండు జాడీల ఆవకాయతో వచ్చి, ఆవకాయ అయిపోయినా ఉండిపోయింది. "బడి పేరెత్తితే వాంతి. ఆ స్కూలు వాళ్ళు ఏదో అన్నార్టగా, సెన్సిటివో ఏదో. మా రోజుల్లో దాన్ని మొండితనం అనేవాళ్ళం. దానికి మందు కూడా ఉండేది."

"ఏం మందండీ, అత్తయ్యగారూ?"

"ఎందుకులే. పిల్లకి వేస్తే నువ్వు తట్టుకోలేవు." కొడుకు వైపు తిరిగింది. "కరోల్ బాగ్‌లో మన తెలుగు బడి ఉందిగా. వీరరాఘవులుగారు కబురు చేశారు, సీటిప్పిస్తారట. పిల్ల చిలకలా తెలుగు మాట్లాడుతూంటే ఈ దొరసాని బడి ఎందుకురా నీకు?"

"తెలుగు మీడియంలో చదివి ఢిల్లీలో ఏం చేస్తుందమ్మా? రేపు ఐ.ఏ.ఎస్. ఎలా రాస్తుంది?"

"ముందు పాలు కడుపులో నిలవనీరా. ఐ.ఏ.ఎస్. సంగతి తర్వాత చూద్దాం."

రాధాకృష్ణమూర్తి రెండో బుగ్గ గబగబా గీసేసుకుని, చెవి కింద తెగిన చోట కాగితం ముక్క అంటించుకుని, చార్టర్డ్ బస్సు అందుకోడానికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, ప్రిన్సిపాలుగారిని ఇంకోసారి బతిమాలుకుంటానన్నాడు.

ఈ తెలుగు సంగతేమిటో కొత్తగా చేరిన పాఠకులకి చెప్పాలి. మొన్న దీపావళి దాకా గౌరి తెలుగు వినేది, జవాబు మాత్రం హిందీలో ఇచ్చేది. అన్నం తిన్నావా అంటే "ఖా లియా మమ్మీ" అనేది. నవంబరులో ఉన్నట్టుండి మమ్మీ పోయి అమ్మ వచ్చింది. హిందీ పూర్తిగా ఆగిపోయి, నోటి వెంట వచ్చిందల్లా తెలుగే అయింది. ఇంట్లో పండగే పండగ. తను వచ్చిన వేళావిశేషం అంది జానకీదేవి. రక్తంలో ఉంది, ఎక్కడికి పోతుంది అన్నాడు రాధాకృష్ణమూర్తి. మధ్యాహ్నాలు తను చదివి వినిపించిన వారపత్రిక కథల వల్లేనని పూర్ణ అనుకుంది కానీ, పైకి అంటే మిగతా ఇద్దరూ చిన్నబుచ్చుకుంటారని ఊరుకుంది. మొన్న ఉగాదికి తెలుగు సంఘం వేదిక మీద పిల్ల చీటీ చూడకుండా మాట్లాడితే, సంఘం అధ్యక్షులు వీరరాఘవులుగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని, "ఇంటి భాష ఇంటికి వచ్చిందమ్మా" అని స్టీలు క్యారియరు బహుమతిగా ఇచ్చారు. అది ఇప్పుడు ముందుగదిలో రేడియో పక్కన తళతళలాడుతూ ఉంది.

వచ్చింది సరే, ఎందుకొచ్చిందని ఒక్కరూ అడగలేదు. వచ్చిన చుట్టాన్ని ఎందుకొచ్చావని అడగడం మన ఇళ్ళలో మర్యాద కాదుగా.

మధ్యాహ్నం జానకీదేవి కింద కమలాకుమారి ఇంటికి విష్ణు సహస్రనామానికి వెళ్ళింది. ఆవిడ వెళ్ళిన చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆగి, పూర్ణ తన జడ విప్పేసింది. అద్దం ముందు కూర్చుని రెండు జడలు వేసుకుంది. గౌరి ఎర్ర రిబ్బన్లు తీసి రెండిటికీ పువ్వుల్లా కట్టింది. ముప్పై ఆరేళ్ళ మొహానికి ఆ వేషం ఎలా ఉందో అద్దం చెప్పబోయింది కానీ ఆవిడ వినిపించుకోలేదు. భర్త పాత కళ్ళజోడు తెచ్చి కూతురి ముక్కు మీద పెట్టింది.

"ఇవాళ నువ్వు ప్రిన్సిపాలువి. నేను గౌరిని. నన్ను ఏమన్నా అడుగు. సీటివ్వకపోతే ఏడుస్తాను."

పిల్ల కుర్చీలో కూర్చుంది. కింద పీట మీద కూర్చున్న తల్లి రిబ్బన్ల వంక చూసింది. పెదవి చివర కాస్త వంగింది. అంత చిన్న నవ్వు చూసి కూడా చాలా కాలమైంది.

"నీ పేరేంటి?" గౌరి తెలుగులోనే అడిగింది.

"మేరా నామ్ గౌరి హై, మేడమ్‌జీ." ఫస్టు ర్యాంకు పిల్ల గొంతు పెట్టింది పూర్ణ.

"మీ అమ్మ ఎలాంటిది?"

"బహుత్ అచ్ఛీ హై, మేడమ్‌జీ. లేకిన్ రోజ్ రోజ్ ఉప్మా బనాతీ హై."

గౌరి కిసుక్కుమంది. "మీ నాన్నమ్మ?"

"నాన్నమ్మ గురించి బయటవాళ్ళకి చెప్పకూడదు, మేడమ్‌జీ."

ఈసారి పైకే నవ్వేసింది. ఆ నవ్వు విని పూర్ణకి గుండె తేలికైంది. ఇదేదో ముందే చెయ్యాల్సింది, రేపు గట్టెక్కుతాం, అనుకుంది.

గౌరి నవ్వు ఆపింది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ దిగి వచ్చి, తల్లి ముందు వంగి, తల మీద చెయ్యి వేసి మెల్లిగా నిమిరింది. ఆ నిమరడం పిల్లలు నిమిరినట్టు లేదు.

"భయపడకు, అమ్మా. మీ మెట్ల వైపు సర్దార్జీ ఒకాయన ఉంటాడుట కదా. ఆయన ఇల్లు ఏది?"

పూర్ణ ఒక్క క్షణం తటపటాయించింది. పై అంతస్తు అవతార్ సింగ్ గురించి గౌరి ఐదు నెలలుగా ఒక్క మాటైనా అనలేదు. ఇన్నాళ్ళకి పిల్ల తనంతట తనే ఎత్తింది, ఆట మధ్యలో తెగ్గొట్టకూడదు అనుకుంది. అదే తియ్యటి గొంతుతో చెప్పింది:

"జీ, ఊపర్. హరే పర్దేవాలా ఘర్." పైన, పచ్చ పరదా ఇల్లు.

గౌరి చెయ్యి తల మీద అలాగే ఉండిపోయింది.

"చూశావా అమ్మా," అంది. "నువ్వు కూడా చెప్పేశావు."

బయట వీధిలో పాత సామాన్లు కొనే కబాడీవాలా అరుచుకుంటూ పోతున్నాడు. పూర్ణ తల మీది ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

అవతార్ సింగ్ డ్రాఫ్ట్స్‌మన్. పై అంతస్తులో, బాల్కనీకి ఎండ తగలకుండా పచ్చ పరదా కట్టిన ఇంట్లో ఉండేవాడు. గౌరి పెన్సిళ్ళన్నీ ఆయనే చెక్కిపెట్టేవాడు, ఆఫీసు బ్లేడుతో, సూదిలా. మొన్న అక్టోబరు ఆఖరున ప్రధానిని ఆమె సిక్కు అంగరక్షకులు కాల్చి చంపిన మర్నాడు పొద్దున కొంతమంది మనుషులు ఈ మెట్లెక్కి పైకి వెళ్ళారు. భార్య గుర్మీత్ అప్పుడు పంజాబులో పుట్టింట్లో ఉంది. పూర్ణ గడియ పెట్టి, పిల్లని ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులతో దాని చెవులు మూసింది. తన చెవులు మూసుకోడానికి చేతులు మిగల్లేదు. అంతా అయ్యాక మెట్ల కింద ఆయన మీద ఒక దుప్పటి కప్పి ఉంది. ఆయన స్కూటరు సాయంత్రం దాకా కాలింది.

పిల్లకి ఏం చెప్పాలని పెద్దవాళ్ళు ముగ్గురూ ఆలోచించారు. చివరికి రాధాకృష్ణమూర్తే ఒక మాట కనిపెట్టాడు. ఈ క్వార్టర్స్‌లో పిల్లలందరికీ పుట్టినప్పటినుంచీ తెలిసిన మాట, ఇంకో ప్రశ్న అడగనివ్వని మాట. అంకుల్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది.

"ఎవరడిగారమ్మా నిన్ను?" పూర్ణ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"కమలాకుమారి ఆంటీ ఇంటికి తోడుకి పంపావుగా ఆ రోజు. గిన్నె ఇచ్చి. తోడు తీసుకుని వస్తూంటే కింద నిలబడి ఉన్నారు. ఒకాయన నవ్వుతూ అడిగాడు. తల నిమిరాడు. పెద్దవాళ్ళు అడిగితే మూగదానిలా నిలబడకూడదన్నావుగా." గౌరి ఊపిరి తీసుకుంది. "జీ అని కూడా అన్నాను. ఆయన పైకి చూశాడు, పరదా కనిపించింది. శాబాష్ బేటీ అన్నాడు."

పూర్ణకి ఆ గిన్నె గుర్తొచ్చింది. పిల్ల లోపలికి వచ్చి, ఒక్క చుక్క ఒలక్కుండా దాన్ని గట్టు మీద పెట్టింది. కంగారు సద్దుమణిగాక ఆ తోడుతోనే పాలు తోడేసింది తను. పెరుగు గట్టిగా పేరుకుంది. మర్నాడు అందరూ తిన్నారు.

"వాళ్ళకి ముందే తెలుసు తల్లీ. కింద బోర్డు మీద అందరి పేర్లూ ఉన్నాయిగా. నువ్వు చెప్పకపోయినా చదువుకుని వెళ్ళేవాళ్ళే."

"లేదు. నాన్నగారు ముందు రోజు సాయంత్రమే అంకుల్ పేరున్న పలక విప్పేశారు. ఎవరికీ తెలియకుండా ఉండాలని. స్టూలు కదలకుండా నేనే పట్టుకున్నా."

ఆ పలక వంటింట్లో బియ్యం డబ్బా వెనక ఉంది. పూర్ణకీ తెలుసు. ఎవరికివ్వాలో తోచక అక్కడే ఉంచేశారు. చేసిన మంచి పని అదొక్కటైనా ఉందని రాధాకృష్ణమూర్తి అప్పుడప్పుడు దాని వంక చూసుకుంటూ ఉంటాడు.

"అయినా అంకుల్‌కి..." అని మొదలుపెట్టింది పూర్ణ. ఆ మాట నోట్లోంచి ఎందుకు వస్తోందో తనకే తెలియలేదు.

"ట్రాన్స్‌ఫర్ అయితే లారీ వస్తుందమ్మా," అంది గౌరి, తల్లి మీద జాలిపడుతున్నట్టు. "లారీ రాలేదు."

పూర్ణ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. తల్లి భుజం మీద గడ్డం ఆనించి, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది:

"హిందీలో మాట్లాడితే మళ్ళీ ఎవరికో ఏదో చెప్పేస్తాను. తెలుగులో చెప్తే వాళ్ళకి తెలీదు. నన్ను నాన్నమ్మ చెప్పిన బడిలో వెయ్యమ్మా. అక్కడ హిందీలో ఎవరూ అడగరుగా?"

భుజం మీదుగా పూర్ణకి రేడియో పక్కన మెరుస్తున్న స్టీలు క్యారియరు కనిపించింది. ఇన్నాళ్ళూ చప్పట్లు కొట్టింది దేనికి? పిల్ల భయపడి అల్మారాలో దూరి తలుపేసుకుంటే, ఎంత బాగా దూరిందో చూడండని నలుగురినీ పిలిచి చూపించారు. తెలుగు బడా, దొరసాని బడా అని నెలరోజులుగా ఇంట్లో జరిగిన యుద్ధమంతా ఆ అల్మారాని ఎక్కడ పెట్టించాలన్న దాని మీదే. కరోల్ బాగ్‌లో వేస్తే పిల్ల అందులోంచి ఇక బయటికి రాదు. ధౌలా కువాన్‌లో వేస్తే తలుపు బద్దలుకొట్టి ఈడుస్తారు. చరిత్రలో పట్టా పుచ్చుకున్న పూర్ణకి మూడో దారి ఏదీ తోచలేదు.

"చంపింది వాళ్ళు, గౌరీ. నువ్వు కాదు. విన్నావా?"

"గుర్మీత్ ఆంటీకి తెలుసా, నేనే చెప్పానని?"

"తెలియదు." ఆ ఒక్క మాటతో ఆపితే సరిపోయేది. "తెలియక్కర్లేదు కూడా. ఎవరికీ చెప్పకు. మన ఇద్దరి మధ్యే ఉండనీ."

గౌరి తల ఎత్తి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు పూర్ణకి అర్థం కాలేదు. సరేనన్నట్టూ ఉంది, తల్లికి కూడా అల్మారా ఉందా అని ఆశ్చర్యపోయినట్టూ ఉంది.

రాత్రి భర్తకి అంతా చెప్పాలి, రేపు ఏ ఇంటర్వ్యూకీ తీసుకెళ్ళేది లేదు అనుకుంది పూర్ణ. అంత వ్యవధి దొరకలేదు. ఇంకా వెలుగుండగానే మెట్ల మీద రాధాకృష్ణమూర్తి బూట్ల చప్పుడైంది. ఆయన ఇంత పెందలాడే రావడం, చేతిలో బర్ఫీ డబ్బాతో రావడం, రెండూ కేంద్ర ప్రభుత్వంలో జరగని పనులు.

"పూర్ణా! సీటొచ్చేసింది! ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదు... అదేమిటా రిబ్బన్లు?"

"ఏం లేదు. మీరు కాస్త లోపలికి రండి, మీతో మాట్లాడాలి."

"ముందు ఇది విను. ఆ స్కూలు లైబ్రరీలో ఎవరు పనిచేస్తున్నారనుకున్నావ్? మన గుర్మీత్‌గారు! జనవరి నుంచీ అక్కడేనట. నేను ప్రిన్సిపాలు గది బయట పడిగాపులు పడుతూంటే చూసి, లోపలికి వెళ్ళి తనే చెప్పారు. ఈ పిల్ల నాకు రెండేళ్ళప్పటినుంచీ తెలుసు, సిగ్గెక్కువ, దీనికి నేను పూచీ అన్నారట. ప్రిన్సిపాలు మారు మాట్లాడలేదు. ఇంటర్వెల్లో రోజూ గౌరిని తన దగ్గరే కూర్చోబెట్టుకుంటారట." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ మెట్లెక్కడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదుట పాపం. గౌరి కోసం వచ్చారు. ఇదిగో, వెనకే ఉన్నారు."

ఆయన పక్కకి తప్పుకున్నాడు.

గుమ్మంలో గుర్మీత్ నిలబడి ఉంది. రంగు వెలిసిన దుపట్టా తల మీంచి కప్పుకుంది. ఐదు నెలల్లో పదేళ్ళు మీదపడ్డాయి. పైకి వెళ్ళే మెట్ల వైపు చూడకుండా ఉండటానికి కళ్ళు పూర్ణ రిబ్బన్ల మీదే నిలుపుకుంది. చేతిలో పొడుగాటి అట్టపెట్టె ఒకటి ఉంది.

"ఆయన ఆఫీసు సొరుగులో ఉన్నవి ఇచ్చారు, బెహన్‌జీ," అంది హిందీలో. "పెన్సిళ్ళు. అన్నీ చెక్కే ఉన్నాయి. గౌరికి తప్ప ఎవరికిస్తాను?"

పూర్ణ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "దానికి ఒంట్లో బాగాలేదు. జ్వరం. పడుకుంది," అంది గబగబా.

పడుకున్న పిల్ల ఆమె పక్కనుంచి ముందుకి వచ్చింది. పెట్టె మూత తీసి ఉంది. సూదిమొనల్లాంటి పెన్సిళ్ళు వరసగా పడుకుని ఉన్నాయి. గౌరి ఒకదాని మొన మీద వేలు పెట్టింది. తీసుకోలేదు.

"గౌరీ, లోపలికి రా," అంది పూర్ణ తెలుగులో.

"ఆంటీజీ," అంది గౌరి.

రాధాకృష్ణమూర్తి మొహం వెలిగిపోయింది. "చూశావా! నేను చెప్పలా, మనుషుల్ని చూస్తే హిందీ అదే వస్తుందని."

"ఆంటీజీ, మైంనే బతాయా థా."

మధ్యాహ్నం తల్లికి తెలుగులో చెప్పిన మాటే. నేనే చెప్పాను. తండ్రికి అర్థం కాలేదు. గుర్మీత్‌కీ అర్థం కాలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల తల మీద చెయ్యి వేసి, మెల్లిగా నిమిరింది.

"క్యా బతాయా థా, పుత్తర్?" అని ప్రేమగా అడిగింది. ఏం చెప్పావమ్మా?

పెద్దవాళ్ళు అడిగితే మూగదానిలా నిలబడకూడదు. పూర్ణ చెయ్యి చాచేలోపే గౌరి జవాబు చెప్పడానికి నోరు తెరిచింది.